తీగపాకం

రాత్రి మూడింటికి
హైదరాబాద్‌లో బయల్దేరిందట నా చక్కెర,
సీసపు డబ్బాలో కూచుని.
నూటపది నిమిషాలకోసారి సగమైపోతుందట అది,
నేను తిన్నా తినకపోయినా.
సూర్యాపేట దగ్గర సగం,
కీసర టోల్‌గేటు దగ్గర సగంలో సగం.
సూర్యారావుపేటలో దిగాక
మిగిలిందెంతో లెక్కగట్టి
"చెయ్యి చాపు బాబాయ్" అంది షాహీన్.

ముప్పై ఒక్క ఏళ్లు
వన్‌టౌన్‌లో పాకం పట్టిన చెయ్యి.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
ఒక్క తీగ సాగితే ఒక మిఠాయి,
రెండు సాగితే ఇంకోటి.
నీళ్లలో వేస్తే ఉండకట్టాలి,
పళ్లేనికేసి కొడితే ఖంగుమనాలి.
గడియారం చూసి దించేది కాదు,
వేలికి తెలియాలి.
చక్కెర గురించి నాకు చెప్పేవాడెవడు
అనుకునేవాణ్ణి.

ముందు వాసన వచ్చేది.
"ఒరే, మాడిపోతోంది, దించండ్రా!"
పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు.
కుర్రాళ్లు మొహామొహాలు చూసుకునేవాళ్లు.
ఆ తర్వాతది వాళ్లు చెబితేనే తెలుసు నాకు:
పెదాలు చప్పరించానని,
చొక్కా గుండీ తిప్పుతూ అలా నిలబడిపోయానని,
ఓసారి పడ్డానని,
ఎవరో ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టారని.
లేచేసరికి నోట్లో రక్తం,
అరచేతిలో షట్టరు తాళాల అచ్చు.

బాణలి దగ్గర్నుంచి కౌంటరుకి మార్చారు,
కౌంటర్నుంచి ఇంటికి.
షావుకారు మంచివాడే.
"కాగే పాకం ఎవరిమీదైనా పడితే, నాంచారయ్యా?" అన్నాడు.
నీమీద పడితే, అనలేదు.

చీకటి గది. వాలుకుర్చీ.
తలంతా వైర్లు అంటించారు,
ఇప్పుడుగాని వస్తే బొమ్మ తిరగబడుతుందట.
"మాట్లాడకు బాబాయ్, ఫోను చూడకు.
ఏ మూల పనిచేస్తే
ఆ మూలకి పోతుంది చక్కెర."
ఆలోచించకుండా ఎలా ఉండాలో
ఆ పిల్ల చెప్పలేదు.
రాత్రి నుంచి పస్తు.
తలుపవతల మా ధనకుమారి
ఇడ్లీ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూచుందని తెలుసు.
ఆ ఇడ్లీల వైపు ఎంత చక్కెర పోయిందో.

సాయంత్రం చూపించారు.
నా తల అడ్డంగా కోసిన ముక్కలు,
దీపావళి ముందు రాత్రి బట్టీలా
ఎర్రగా, పసుపుగా, కణకణమంటూ.
ఎడమ కణత వెనక మాత్రం
ఇంత నీలం.
నేను మంట ఉంటుందనుకున్నాను.
పదమూడేళ్లు ఎమ్మారైలన్నీ
అంతా బాగానే ఉందన్నాయి మరి.
"మామూలు రోజుల్లో ఈ చోటు సరిగా తినదు,"
డాక్టరమ్మ పెన్ను మొనతో చూపించింది,
"ఫిట్స్ వచ్చినప్పుడు మాత్రం
ఆవురావురుమని తినేస్తుంది."
దాన్ని చూస్తూ కూచున్నాను.
పస్తుండే పిల్లాడి మీద
కోపం రాదు కదా ఎవరికైనా.

తీసెయ్యొచ్చేమోనట.
ఇంకా పరీక్షలున్నాయట.
ఎడమవైపు కాబట్టి
కొన్ని పేర్లు పోవచ్చట.
ఏ పేర్లండీ, అన్నాను.
ఆవిడ నవ్వలేదు.
మిఠాయిలన్నీ లోలోపలే అప్పజెప్పుకున్నాను.
కాజా, తొక్కుడు లడ్డు, జాంగ్రీ...
ఒకదాని దగ్గర ఆగిపోయాను.
నెయ్యి, సెనగపిండి, చిల్లులు చిల్లులుగా పొంగడం,
అన్నీ వచ్చాయి, పేరు తప్ప.
లిఫ్టు దగ్గరికొచ్చాక దొరికింది:
మైసూరుపాకు.

"ఈ పూట పసిపిల్లల్ని ఎత్తుకోకు,
నీళ్లు బాగా తాగు" అంది షాహీన్.
ఒంట్లో ఇంకా కొంత మిగిలే ఉంటుందట,
సగమవుతూ, సగమవుతూ.

గేటు దాటుతుంటే వచ్చింది
మాడు వాసన.
గోడ పట్టుకున్నాను.
చెయ్యి గుండీ మీదకి పోతోందేమోనని చూసుకున్నాను.
"ధనా,
ఏమన్నా మాడుతోందా?"
అది ముక్కు ఎగబీల్చింది.
"అవున్నాన్నా.
ఆ టీకొట్లో పాలు అడుగంటాయి."

ఇద్దరం అక్కడే నిలబడి
పీల్చాం కాసేపు.